రేపు పడిపోతే ఎవరొస్తారు?

విల్లో రిడ్జ్, ఇల్లినాయ్
జూన్ 9

చిన్నమ్మమ్మా,

ఎవరి సాయం లేకుండా నేను తెలుగులో రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. పోయిన వేసవిలో న్యూయార్క్ పక్కన మీ ఎడిసన్‌లో, నీ వంటింటి బల్ల దగ్గర, నువ్వు ఎర్ర పెన్నుతో దిద్దిన నోటు పుస్తకం నా పక్కనే ఉంది. పది రోజులకో ఉత్తరం అన్న నీ షరతు మరిచిపోలేదు.

అరోరాలో పుట్టి పెరిగాను కదా, ఇల్లినాయ్ అంటే మా ఇల్లు, గుడి, షాపింగ్ మాల్ అనుకున్నాను. అక్కడి నుంచి దక్షిణానికి ఐదు గంటలు డ్రైవ్ చేస్తే ఈ ఊరు వచ్చింది. మొక్కజొన్న, సోయా, మళ్ళీ మొక్కజొన్న. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య మైలు పొడవున కంకర రోడ్డు. ఉన్న ఒక్క ఆసుపత్రినీ మూడేళ్ళ క్రితం మూసేశారు. ఇప్పుడు వారానికోసారి నర్సు ఒకామె వ్యాన్‌లో వస్తుంది. బీపీ చూసి, మందులిచ్చి, కట్లు మార్చి పోతుంది.

మా ప్రొఫెసర్ చేస్తున్న ఇంటింటి సర్వేలో నాకూ చైతన్యకీ పని దొరికింది. చైతన్య గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చాడు, నా క్లాస్‌మేట్. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, దాన్ని టౌన్‌షిప్‌లుగా విడగొట్టారు; పక్క టౌన్‌షిప్ అతనిది, ఇది నాది. నాకు నలభై ఆరు ఇళ్ళు. ఇవాళ పేదవాళ్ళెవరో లెక్కపెట్టడం తేలికట. ఇవాళ బాగానే ఉండి, ఒక్క దెబ్బ తగిలితే రేపు పేదరికంలో పడేవాళ్ళెవరో ముందే కనిపెట్టడం కష్టమట. మేము చేసేది ఆ రెండోది. దాన్ని వల్నరబిలిటీ అంటారు. నర్సు వ్యాన్ ఏ టౌన్‌షిప్‌లో ఉంచాలో, ఎక్కడ తీసేయాలో నవంబరులో కౌంటీ బోర్డు మా లెక్కలు చూసి తేలుస్తుంది.

ఫారంలో నలభై ప్రశ్నలున్నాయి. ఇంట్లో ఎందరు, బావిలో నీళ్ళు తాగడానికి పనికొస్తాయా, చలికాలానికి గ్యాస్ ట్యాంక్ నింపుకున్నారా, ఇలాంటివి. అన్నిటికన్నా బరువైనది ముప్పై ఒకటో ప్రశ్న: "రేపు మీరు పడిపోతే, లేక జబ్బు చేసి లేవలేకపోతే, ఎవరొస్తారు? రావడానికి ఎంతసేపు పడుతుంది?" గంటలోపు రాగల మనిషి పేరు చెప్పలేకపోతే "ఎవరూ లేరు" అని రాసుకోవాలి.

వల్నరబిలిటీకి తెలుగులో ఏమంటారు? డిక్షనరీలో "దుర్బలత్వం" అని ఉంది. పైకి అనబోతే నోట్లో గులకరాయి పెట్టుకున్నట్టుంది.

నీ ఎర్ర పెన్నుకి పని పెట్టే
విద్య

---

ఎడిసన్
జూన్ 18

విద్యా,

ఏడు తప్పులు. పోయిన ఏడు పేజీకి ఇరవై ఉండేవి. దిద్దిన కాగితం ఇందులోనే పెట్టాను.

నేను బాగానే ఉన్నాను. పక్కింటి హైమ రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటుంది. నిన్న గోంగూర పచ్చడి తెచ్చింది. చెవుల్లో మిషన్లు పెట్టుకుంటే ఆమె గొంతు కన్నా ఫ్రిజ్ మోత ఎక్కువ వినిపిస్తుంది. అందుకని ఇద్దరం పెద్దగా మాట్లాడుకోం. మీ అమ్మ ఫోన్ చేసినా అంతే. ఆమె ఏదో అంటుంది, నేను "బాగున్నానమ్మా" అంటాను.

నీకు చెప్పలేదు, మీ అమ్మకి కూడా సరిగ్గా తెలియదు. పెళ్ళికి ముందు, ఇరవై రెండేళ్ళప్పుడు, నేనూ సర్వేలకు తిరిగాను. అనంతపురం జిల్లాలో ఏడాదిన్నర. భుజానికి సంచి, సంచిలో ఫారాలు, గింజలు కొలవడానికి ఒక డబ్బా. ఇంట్లో జొన్నలు ఎన్ని ఉన్నాయని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. చూపించమంటే మాత్రం కుండ మూత తీసి చూపించేవారు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం అని మాకు నేర్పారు. ఊరిలో పొయ్యిలు లెక్కపెట్టుకుంటూ పోయేదాన్ని.

నీ మాట సంగతి. పంట ఇంటికొచ్చిందా అని అడిగితే "ఈ ఏటికి గట్టెక్కినామమ్మా" అనేవాళ్ళు. మరి వచ్చే ఏడు, అంటే నవ్వేవాళ్ళు. ఆ నవ్వుకి మాట లేదు. నువ్వు కొలుస్తున్నది ఆ నవ్వునే అనుకుంటాను.

ఆ ముప్పై ఒకటో ప్రశ్నని నువ్వు ఎలా అడుగుతున్నావు? ఆ సంగతి రాయి.

జ్ఞానప్రసూన

---

విల్లో రిడ్జ్
జూలై 2

చిన్నమ్మమ్మా,

"గట్టెక్కినామమ్మా", "గట్టెక్కినామమ్మా" అని కారులో పైకి అంటూ తిరుగుతున్నాను. ఎంత బాగుంది! పొద్దున్నుంచి అందరి ఇళ్ళలో ఇంగ్లీషు మాట్లాడి అద్దె గదికి వచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా ఉంటుంది. అప్పుడు నీ ఉత్తరం తీసి గట్టిగా చదువుతాను. వినేవాళ్ళెవరూ లేరు గనక తప్పులు చదివినా ఫరవాలేదు.

డోరీన్ గురించి చెప్పాలి. డెబ్భై ఆరేళ్ళు. రేకుల ట్రెయిలర్ ఇంట్లో ఉంటుంది. కాలికి పుండు, వ్యాన్ నర్సు వారం వారం కట్టు మారుస్తుంది. ముసలి కుక్క ఒకటి, దాని పేరు బడ్డీ. నీ లెక్కన ఆ ఇంట్లో ఒకే పొయ్యి, ఒకే మనిషి. "కుటుంబంలో ఎంతమంది?" అని అడిగితే "బడ్డీని లెక్కేస్తారా?" అంది. వేయరని చెబితే బడ్డీ వైపు తిరిగి "సారీ రా" అంది. నాకు ఆపిల్ కేకు పెట్టింది. వెళ్తానంటే ఇంకో ముక్క పెట్టింది.

ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర నాకు నోరు రాలేదు. చిన్నప్పుడు "ఎగ్జామ్ ఫెయిలైతే" అన్నా అమ్మ నా మూతి మీద కొట్టేది. "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నువ్వు ఏదంటే దానికి తథాస్తు అనేస్తారు" అనేది. నువ్వు మాత్రం తక్కువా! పోయిన వేసవిలో నువ్వు మీ ఇంటి మెట్లు దిగుతుంటే "జారి పడతావేమో" అన్నందుకు నా మూతి మీద ఒకటి తగిలింది. మరి ఒంటరిగా ఉన్న పెద్దామె ఎదురుగా కూర్చుని, ఆమె పెట్టిన కేకు తింటూ, "రేపు మీరు పడిపోతే" అని ఎలా అనను? అందుకని మర్యాదగా అడిగాను. "అవసరం వస్తే మీకు ఎవరో ఒకరు వస్తారు కదా?"

"షూర్, హనీ. ఎవరో ఒకరు వస్తారు" అంది.

"గంటలోపే కదా?"

"ఆ, అంతే అనుకో."

అందరి దగ్గరా అలాగే అడిగాను. నలభై ఆరు ఇళ్ళలో మూడింట్లోనే "ఎవరూ లేరు". ఇక్కడి మనుషులు ఒకరికొకరు ఎంత తోడుగా ఉన్నారో! నా పని అందరికన్నా ముందే అయిపోయింది.

సంతోషంగా ఉన్న
విద్య

---

ఎడిసన్
జూలై 13

విద్యా,

నాలుగు తప్పులు.

ప్రశ్న గురించి నువ్వు రాసిన చోట రెండుసార్లు చదివాను. నువ్వు మంచి పిల్లవి. ఆ ఫారం తయారుచేసిన వాళ్ళూ ఎవరో ఒకరికి మంచి పిల్లలే అయివుంటారు. అయినా ఆ ప్రశ్నని అంత మొండిగా రాశారు. ఎందుకని రాశారో ఆలోచించు.

హైమ ఊళ్ళో లేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

జ్ఞానప్రసూన

---

యూనివర్సిటీ నుంచి
సెప్టెంబరు 6

చిన్నమ్మమ్మా,

జూలై ఉత్తరంలో నువ్వు అడిగినదానికి నేను జవాబు రాయలేదు. తర్వాతి ఐదు ఉత్తరాల్లోనూ వాన గురించీ కొత్త మాటల గురించీ రాశాను. నువ్వూ మళ్ళీ అడగలేదు. ఇప్పుడు రాయక తప్పదు.

నిన్న ల్యాబ్‌లో చైతన్యా నేనూ మా రెండు టౌన్‌షిప్‌ల లెక్కలు పక్కపక్కన పెట్టుకున్నాం. అవే పొలాలు, అవే రోడ్లు, అదే వయసు మనుషులు. అతని యాభై ఇళ్ళలో ఇరవై ఎనిమిదింట్లో "ఎవరూ లేరు". నావాటిలో మూడు.

"నీ టౌన్‌షిప్‌లో అందరూ భలే సుఖంగా ఉన్నారే!" అన్నాడు. "రిటైరయ్యాక అక్కడే ఇల్లు కొనుక్కుందాం."

"వాళ్ళు మంచివాళ్ళు చైతన్యా."

"నావాళ్ళు దొంగలా? సరేగానీ, నువ్వు ముప్పై ఒకటి ఎలా అడిగావో అలాగే నన్ను అడుగు చూద్దాం. నేను డోరీన్‌ని."

అడిగాను. "అవసరం వస్తే మీకు ఎవరో ఒకరు వస్తారు కదా?"

అతను నవ్వలేదు. "ఇట్లా అడిగితే మా హాస్టల్లో ఉన్న నేను కూడా వస్తారనే అంటా. నాకిక్కడ ఎవరున్నారు?" అన్నాడు.

డోరీన్ నన్ను బాధపెట్టడం ఇష్టంలేక "షూర్" అంది, చిన్నమ్మమ్మా. నేను ఆమెకి జవాబు అందించి, మళ్ళీ ఆమె దగ్గరే తీసుకున్నాను. ఇప్పుడు నా లెక్కల ప్రకారం విల్లో రిడ్జ్‌కి ఏ భయమూ లేదు. ఇలాగే వెళ్తే నవంబరులో వ్యాన్ తీసేస్తారు. ప్రొఫెసర్‌కి చెబితే నా నలభై ఆరు ఫారాలూ పక్కన పడేస్తారేమో, థీసిస్ ఏడాది వెనక్కి పోతుందేమో. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చైతన్య చెప్పనన్నాడు. "నీ ఇష్టం" అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

ఏం చేయను?

విద్య

---

ఎడిసన్
సెప్టెంబరు 15

విద్యా,

ఈసారి తప్పులు దిద్దలేదు.

ఓబుళమ్మ అని ఒకామె ఉండేది. ఊరి పేరు ఎందుకులే. పందొమ్మిది, ఇరవై ఏళ్ళుంటాయి. నిండు గర్భిణి. మొగుడు బావులు తవ్వే పనికి దూరం పోయాడు. నా ఫారంలోనూ నీ ప్రశ్న లాంటిది ఒకటి ఉండేది: "సంపాదించే మనిషి తిరిగి రాకపోతే ఈ ఇల్లు ఎలా గడుస్తుంది?" ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. ఒక చేయి పొట్ట మీద పెట్టుకుని కూర్చుంది. నేను ఆ ప్రశ్న వదిలేశాను. వదిలేసి ఊరుకోలేదు, ఆ గడిలో నా చేత్తో నేనే "పుట్టింటివారు చూస్తారు" అని నింపాను. ఆమెకి పుట్టిల్లు లేదని తర్వాత తెలిసింది.

మరుసటి వేసవిలో మా ఫారాలు చూసి జాబితా వేశారు. ఏ ఇళ్ళకి గంజి, ఏ ఇళ్ళకి కరువు పని అని. ఓబుళమ్మ పేరు అందులో లేదు. రెండో విడత సర్వేకి వెళ్తే ఆ గుమ్మానికి కంప అడ్డం పెట్టి ఉంది. ఎక్కడికి పోయారంటే "బెంగుళూరు పక్క పోయిరంట. ఎవురికి తెలుసు" అన్నారు. మొగుడు వచ్చాడో లేదో, బిడ్డ దక్కిందో లేదో, ఈ యాభై ఏళ్ళలో నాకు తెలియలేదు.

నేను ఆ మాట అనలేదు కదా. అయినా ఆ ఏడు వాన రాలేదు. తథాస్తు దేవతలు నా నోటి కోసం ఆగలేదు.

ప్రొఫెసర్‌కి చెప్పు. మళ్ళీ వెళ్ళి అడుగు. నీకు ఇంకా తలుపులు ఉన్నాయి.

జ్ఞానప్రసూన

---

విల్లో రిడ్జ్
అక్టోబరు 13

చిన్నమ్మమ్మా,

చెప్పాను. ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత "నెలాఖరు దాకా టైమ్ ఇస్తాను. నలభై ఆరూ మళ్ళీ చేయి. థీసిస్ సంగతి వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ప్రతి శనాదివారాలూ డ్రైవ్ చేసి వస్తున్నాను. మొక్కజొన్న కోసేశారు. వేసవిలో కనపడని ఇళ్ళన్నీ ఇప్పుడు దూరం నుంచే కనపడుతున్నాయి, ఒక్కొక్కటీ విడివిడిగా.

ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదువుతున్నాను. మొదటి ఇంటాయన "ఎవరూ రారు" అన్నాడు. ఎవరో వాతావరణం అడిగితే చెప్పినట్టు చెప్పాడు. ఇప్పటికి నలభై ఇళ్ళయ్యాయి. ఇరవై నాలుగింట్లో "ఎవరూ లేరు".

డోరీన్ ఇంటికి నిన్న వెళ్ళాను. ఈసారి కేకు లేదు. కాలు బాగా వాచి ఉంది. అడిగాను. ఆమె కిటికీలోంచి రోడ్డు మీద ఉన్న మెయిల్ బాక్స్ వైపు చూసింది.

"మెయిల్ తెచ్చే అతను ఉన్నాడు" అంది. "బాక్స్ నిండిపోతే అనుమానం వస్తుంది కదా. మూడో రోజుకి దిగి చూస్తాడు. నాకొచ్చేవన్నీ షాపుల కాగితాలే. వద్దని రాసి పంపొచ్చు. పంపను."

"మూడు రోజులా!" అన్నాను.

"నాలుగు కూడా కావచ్చు, మధ్యలో ఆదివారం వస్తే."

"మరి పోయినసారి షూర్ అన్నారు కదా?"

"పోయినసారి నువ్వు నన్ను ఏమీ అడగలేదు, హనీ" అంది.

కారులో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. నీ ఉత్తరాలు బ్యాగ్‌లోనే ఉంటాయి, తీసి మొదటి నుంచీ చదివాను. జూన్‌లో హైమ ఆంటీ రోజూ వస్తుందని ఉంది. జూలైలో ఊళ్ళో లేదని. ఆ తర్వాత ఒక్క ఉత్తరంలోనూ ఆమె పేరు లేదు.

ఫారంలో ఉన్న మాటలే రాస్తున్నాను. కోప్పడకు. రేపు నువ్వు పడిపోతే, లేక జబ్బు చేసి లేవలేకపోతే, ఎవరొస్తారు? రావడానికి ఎంతసేపు పడుతుంది?

విద్య

---

ఎడిసన్
అక్టోబరు 22

విద్యా,

ఎవరూ రారు.

హైమ మార్చిలోనే హెర్న్‌డన్ వెళ్ళిపోయింది, అక్కడ కూతురికి ఉద్యోగం వస్తే. వెళ్ళే ముందు వాళ్ళాయన కృష్ణమోహన్ వచ్చి, వాళ్ళ కుండీల్లోని కరివేపాకు మొక్క నాకిచ్చి పోయాడు. ఆ గోంగూర పచ్చడి నేను చేసుకున్నదే. ఆమె తెచ్చిందని రాస్తుంటే ఒక పూట నిజంగానే వచ్చి కూర్చున్నట్టుండేది. అందుకని రాశాను.

ఆగస్టులో స్నానాల గదిలో జారాను. ఎముకలేవీ విరగలేదు. లేవడానికి మాత్రం గంటల సేపు పట్టింది. రైళ్ళ చప్పుడు నాకు వినపడదు గానీ నేల అదిరితే తెలుస్తుంది. చెంప నేలకి ఆనించి లెక్కపెట్టాను. న్యూయార్క్ పోయేవీ వచ్చేవీ కలిపి ఏడు పోయాయి. వాటిలో ఎంతోమంది మనవాళ్ళే ఉండి ఉంటారు, ఒళ్ళో లంచ్ బాక్సులు పెట్టుకుని. మర్నాడు నీకు ఉత్తరం రాశాను. వానల గురించి రాశాను కదా, అదే.

మీ తాతయ్య పోయి ఆరేళ్ళు. మాకు పిల్లలు లేరు. మీ అమ్మకి చెబితే అరోరా వచ్చెయ్యమంటుంది, నేను రానంటాను, ఆమె ఏడుస్తుంది, ఆ ఏడుపు కూడా నాకు ఫోన్‌లో సరిగ్గా వినపడదు.

ఇంకొకటి ఉంది. పది రోజులకో ఉత్తరం అని నీకు షరతు పెట్టింది తెలుగు కోసమని చెప్పాను. అది సగమే నిజం. నా జవాబు రాకపోతే, రెండు వారాలు దాటాకైనా, ఎందుకు రాలేదని నువ్వు అడుగుతావు. డోరీన్‌కి మూడు రోజులు. నాకు పద్నాలుగు. నాకు తోడు కావాలని అడగడానికి నోరు రాక, నీకు ఒత్తులూ దీర్ఘాలూ నేర్పాను.

జ్ఞానప్రసూన

---

యూనివర్సిటీ నుంచి
నవంబరు 14

చిన్నమ్మమ్మా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఎన్నోసార్లు రాయబోయి చింపేశాను. అందమైన మాటలు చాలా వచ్చాయి. అన్నీ చింపేశాను.

ముందు బోర్డు సంగతి. నలభై ఆరు ఇళ్ళలో ఇరవై ఏడింట్లో "ఎవరూ లేరు". వ్యాన్ తీసేయలేదు. కానీ వారానికోసారి అన్నది రెండు వారాలకోసారి చేశారు. డోరీన్ కాలికి అది చాలదు. ఆమెకి ఫోన్ చేసి చెబితే "సగం వ్యాన్ అన్నమాట. నయమే" అంది.

నీ ఫారం నేనే నింపాను. ఎవరొస్తారు: విద్య. ఎంతసేపట్లో: పదమూడు గంటలు, మధ్యలో ఎక్కడా ఆగకపోతే. గంట దాటింది గనక నియమం ప్రకారం నా పేరు కొట్టేసి "ఎవరూ లేరు" అని రాశాను. నా చేత్తో అది రాయడం ఎలా ఉందో చెప్పను.

హైమ ఆంటీ వాళ్ళింట్లోకి ఎవరో ఒకరు వచ్చే ఉంటారు. వాళ్ళని అడుగు. "ఎవరో ఒకరు వస్తారు కదా" అన్నట్టు అడగొద్దు. ఉన్నది ఉన్నట్టు అడుగు. నేను నలభై ఆరు తలుపులు రెండేసిసార్లు కొట్టాను, చిన్నమ్మమ్మా. నువ్వు ఒక్కటి కొట్టు. అమ్మకి నేను ఇంకా చెప్పలేదు. నీ జవాబు వచ్చేదాకా ఆగుతాను, ఆ తర్వాత ఆగను.

విద్య

---

ఎడిసన్
నవంబరు 22

విద్యా,

కొట్టాను.

ఆ ఇంట్లో ఉన్న అమ్మాయి పేరు రాగిణి. ఒక్కతే ఉంటుంది. సాఫ్ట్‌వేర్, వారానికి నాలుగు రోజులు రైల్లో న్యూయార్క్ పోతుంది. ఎనిమిది నెలల నుంచి ఉంటోందట, నేను ముఖం చూడటం ఇదే మొదలు. "రండి ఆంటీ, కాఫీ తాగుతారా?" అంది. కాఫీ చల్లారిపోయేదాకా అడగలేకపోయాను. డోరీన్ ఎదురుగా నువ్వు ఎలా కూర్చున్నావో అప్పుడు తెలిసింది. చివరికి అడిగాను, నీ ఫారం మాటల్లోనే.

"అయ్యో, అవేం మాటలు ఆంటీ! మీకేం కాదు. నూరేళ్ళుంటారు" అంది.

"అది జవాబు కాదమ్మా" అన్నాను.

ఆ పిల్ల కప్పు కింద పెట్టింది. ఏదో అంది, నాకు వినపడలేదు. నా చెవులు చూపించాను. అప్పుడు ఒక కాగితం తెచ్చి పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఆ కాగితంలో ఉన్నది నీకు ఎక్కించి రాస్తున్నాను, ఫారంలో రాసుకో. శుక్ర, శని, ఆదివారాలు, మిగతా రోజుల్లో రాత్రిళ్ళు: రాగిణి, ఐదు నిమిషాలు. సోమవారం నుంచి గురువారం దాకా, పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా: ఎవరూ లేరు. దాని కింద ఆమే ఇంకో వరస రాసింది: "నాక్కూడా."

నా తాళంచెవి ఒకటి ఆమెకి ఇచ్చాను. ఆమె తనది నాకిచ్చింది. ఆ నాలుగు రోజుల కోసం ఎదురింటి తలుపు కొట్టాలి. వాళ్ళెవరో తెలియదు. మీ అమ్మకి నేనే ఉత్తరం రాస్తున్నాను, నువ్వు తొందరపడకు.

వచ్చేస్తూ వాళ్ళ మెట్లు దిగుతుంటే వెనక నుంచి "ఆంటీ, మెల్లగా! జారి పడతారు!" అని అరిచింది. ఎంత గట్టిగా అరిచిందంటే నాకు వినపడింది. నేను ఆమె మూతి మీద కొట్టలేదు. కడ్డీ పట్టుకుని దిగాను.

జ్ఞానప్రసూన